సీసాలోని గుండె, తెర మీది గుండె: వైద్య ప్రదర్శనశాలల్లో ఆగ్మెంటెడ్ రియాలిటీని ఎక్కడ, ఎంతవరకు వాడాలి?

ప్రశ్న: సీసాలగది

అందరికీ నమస్కారం. ఒక వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రదర్శనశాల బాధ్యత కొంతకాలంగా నేను చూస్తున్నాను. ఫార్మలిన్ సీసాల్లో భద్రపరచిన అవయవాలు, కొన్ని మైనపు ప్రతిమలు, అస్థిపంజరాలు, పాతకాలపు శస్త్రచికిత్స పరికరాలు, ఇప్పుడు పనిచేయని ఒక ఐరన్ లంగ్ (పోలియో రోగుల చేత శ్వాస తీయించిన యంత్రం) మా దగ్గర ఉన్నాయి. వైద్య విద్యార్థులు పరీక్షల ముందు వస్తారు. మిగిలిన కాలమంతా పాఠశాల పిల్లలు, సాధారణ సందర్శకులు వస్తుంటారు.

నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయం ఒకటి ఉంది. సీసాల వరుస ముందు నడిచే సందర్శకులు ఒక్కో సీసా దగ్గర నాలుగైదు క్షణాలకు మించి నిలబడరు. అందులో వారి తప్పేమీ లేదు. దశాబ్దాల పాటు ఫార్మలిన్‌లో ఉన్న గుండె రంగు పోయి, బూడిద కలిసిన గోధుమ వర్ణపు ముద్దలా కనిపిస్తుంది. కింద అతికించిన చీటీ మీద "మైట్రల్ కవాట సంకోచం" అని మాత్రమే ఉంటుంది. ఆ మాటకు అర్థం ముందే తెలిసినవారికి తప్ప ఆ సీసా ఎవరితోనూ మాట్లాడదు.

యాజమాన్యం ఇటీవల ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఎదురుగా ఉన్న అసలు వస్తువుకు కంప్యూటర్ బొమ్మలు, శబ్దాలు జోడించి చూపే సాంకేతికత) ప్రదర్శన పెట్టాలని నిర్ణయించి, రెండు సంస్థల చేత నమూనా ప్రదర్శనలు చేయించింది. వాటిలో ఒకదానిలో ట్యాబ్లెట్‌ను సీసా వైపు తిప్పగానే ఎర్రగా మెరిసే గుండె ఒకటి గాలిలో తేలి, కొట్టుకుంటూ గుండ్రంగా తిరిగింది. గదిలో ఉన్నవారందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఇంకొకటి గమనించాను: ఆ ఐదు నిమిషాలలో ఒక్కరు కూడా తెర మీద నుంచి కళ్ళెత్తి వెనుక సీసాలో ఉన్న అసలు గుండెను చూడలేదు. ఆ తేలే గుండెను మా ప్రదర్శనశాలకు రాకుండా ఎక్కడైనా చూడవచ్చు కదా అన్న ఆలోచన అప్పటి నుంచి నన్ను వదలడం లేదు.

అందుచేత అనుభవం ఉన్నవారిని అడుగుతున్నాను. మా దగ్గర ఉన్న వస్తువుల్లో వేటికి ఈ సాంకేతికత నిజంగా ఉపయోగపడుతుంది, వేటికి అనవసరం? సందర్శకుల ఫోన్లు, మేమే ఇచ్చే ట్యాబ్లెట్లు, తలకు పెట్టుకునే అద్దాలు అనే మూడింటిలో దేనిని ఎంచుకోవాలి? దీనివల్ల ఎవరైనా నిజంగా ఏమైనా నేర్చుకుంటారా? చివరిగా, ఒకప్పుడు జీవించి ఉన్న మనుషుల శరీర భాగాల మీద ఇటువంటి బొమ్మలను పరచడం ఎంతవరకు సమంజసం?

సమాధానం: అస్థిపాఠం

సీసాలగది గారికి నమస్కారం. నేను శరీర నిర్మాణశాస్త్రం బోధిస్తాను. మీరు చప్పట్ల మధ్య గమనించిన ఆ ఒక్క విషయం నుంచే మీ ప్రణాళిక మొదలు కావాలని నా అభిప్రాయం. ప్రతి వస్తువు ముందూ నిలబడి "ఈ వస్తువు తనంతట తాను చెప్పలేనిది ఏమిటి?" అని అడగండి. సమాధానం దొరికితే ఆగ్మెంటెడ్ రియాలిటీకి అక్కడ పని ఉంటుంది, దొరకకపోతే ఉండదు.

మీరు చెప్పిన గుండెనే తీసుకుందాం. గుండెలో ఎడమ పై గది అయిన కర్ణికకూ, ఎడమ కింది గది అయిన జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ కవాటం ఆరోగ్యవంతులైన పెద్దవారిలో 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకుంటుంది. చిన్నతనంలో గొంతునొప్పి తరువాత వచ్చిన రుమాటిక్ జ్వరం ఆ కవాటపు రెక్కలను ఏళ్ళ తరబడి మందంగా మార్చి, అంచులను ఒకదానికొకటి అతికించివేస్తే, ఆ ద్వారం ఒకటిన్నర చదరపు సెంటీమీటర్ల కంటే తక్కువకు కుంచించుకుపోవచ్చు. అప్పుడు దానిని తీవ్రమైన సంకోచంగా పరిగణిస్తారు. వైద్యులు దానిని చేప నోటితో పోలుస్తారు. మీ సీసాలో ఆ చేప నోరు ఉంది. లేనిది కదలిక. ఆరోగ్యకరమైన కవాటం ఎంత విశాలంగా తెరుచుకునేదో, ఇరుకు ద్వారం వెనుక రక్తం నిలిచిపోయి కర్ణిక ఎలా ఉబ్బిందో, ఆ ఒత్తిడి ఊపిరితిత్తుల్లోకి ఎలా వెనక్కు పాకిందో సీసా చూపలేదు. తెర ఆ పని చేయగలదు. అయితే ఇరవై క్షణాల పాటు ఆ కదలికను చూపిన వెంటనే బొమ్మ మాయమై, "ఇప్పుడు ఎదురుగా ఉన్న సీసాలో ఆ చీలికను వెతకండి" అన్న వాక్యం మాత్రమే తెర మీద మిగలాలి. సందర్శకుడు చీలికను గుర్తించానని నొక్కే వరకు తరువాతి భాగం రాకూడదు. సంస్థల నమూనాల్లో సాధారణంగా ఈ వెనక్కు తిప్పే మలుపు ఉండదు. మీరు పట్టుబట్టి పెట్టించుకోవలసింది అదే.

మీ ఐరన్ లంగ్ ఇంతకంటే మంచి అవకాశం. 1928లో హార్వర్డ్‌లో ఫిలిప్ డ్రింకర్, లూయిస్ షా రూపొందించిన ఆ యంత్రాన్ని ఇప్పటి పిల్లలు చూస్తే ఒక పెద్ద ఇనుప పీపా అనుకుంటారు. పోలియో వల్ల శ్వాస కండరాలు చచ్చుబడిన మనిషి తల మాత్రం బయట పెట్టి అందులో పడుకుంటే, యంత్రం పీపాలోని గాలి ఒత్తిడిని తగ్గిస్తుంది; ఛాతీ దానంతట అదే వ్యాకోచిస్తుంది; ముక్కు, నోటి ద్వారా గాలి లోపలికి వెళుతుంది. నేటి వెంటిలేటర్ గాలిని లోపలికి నెడుతుంది, ఇది బయటి ఒత్తిడిని తగ్గించి గాలిని లోపలికి రప్పిస్తుంది. కంటికి కనిపించని ఆ ఒత్తిడి తేడాను పీపా గోడ గుండా చూపగలిగితే, ఒక గంట ఉపన్యాసం చేసే పని ఒక నిమిషంలో జరుగుతుంది.

కంటితోనే అంతా చూపాలన్న నియమం కూడా లేదు. 1816లో పారిస్‌లో రెనే లెన్నెక్ మొదట కాగితాన్ని గొట్టంలా చుట్టి, తరువాత చెక్కతో చేయించిన స్టెతస్కోపు వంటిది మీ పరికరాల్లో ఉంటే, దాని నకలు ఒకటి చేయించి, మీ సీసాలోని గుండె ముందు దానిని చెవికి ఆనించినప్పుడు మైట్రల్ సంకోచంలో వినిపించే ఆ లోతైన గరగర శబ్దం వినిపించేలా చేయండి. వాస్తవ వస్తువుకు శబ్దాన్ని జోడించడం కూడా ఆగ్మెంటెడ్ రియాలిటీయే. తెర లేదు గనుక కళ్ళు సీసా మీదే ఉంటాయి.

మైనపు ప్రతిమల విషయంలో మాత్రం నేను వద్దంటాను. వియన్నాలోని యోసెఫీనుమ్ అనే వైద్య ప్రదర్శనశాలలో ఉన్న మైనపు ప్రతిమలను రెండవ జోసెఫ్ చక్రవర్తి 1780లలో ఫ్లోరెన్స్‌లో చేయించాడు. ఫెలీచె ఫొంతానా, పాఓలో మస్కాన్యి వంటివారి పర్యవేక్షణలో తయారైన ఆ బొమ్మల్లో పొరలు, నాళాలు, నరాలు అన్నీ శిల్పి చేతిలోనే విడదీయబడి ఉన్నాయి. మీ దగ్గర ఉన్నవి అంత గొప్పవి కాకపోయినా, వాటి పని కూడా పొరలు విప్పి చూపడమే. దాని మీద మరొక పొర పరిస్తే శిల్పి చేసిన పనిని చెరిపినట్టవుతుంది. నిజానికి పొరలను ఒక్కొక్కటిగా తొలగించి లోపల చూపాలన్న ఆలోచన చాలా పాతది. 1538లోనే స్ట్రాస్‌బర్గ్‌లో హైన్రిష్ ఫోక్ట్‌హెర్ కాగితపు మడతలను ఎత్తితే లోపలి అవయవాలు కనిపించే శరీర చిత్రాలను అచ్చువేశాడు. ఆ కాగితాలను చేతితో ఎత్తిన పాఠకుడికి కలిగిన కుతూహలమే మనకూ కావాలి.

అస్థిపంజరాల విషయంలో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సహజ చరిత్ర ప్రదర్శనశాల 2015లో చేసిన పనిని చూడండి. అక్కడి ఎముకల మందిరంలో పాత అస్థిపంజరాలను కదపకుండా, "స్కిన్ అండ్ బోన్స్" అనే యాప్ ద్వారా వాటి మీద చర్మాన్ని, కదలికను చూపారు. అవి జంతువుల ఎముకలు, మీవి మనుషులవి, కాబట్టి యథాతథంగా అనుకరించమని అనడం లేదు. ఎముక కదలకుండా ఉండగా దాని చుట్టూ బొమ్మ కదలడం అనే పద్ధతిని మాత్రం గమనించమంటున్నాను. ఇక పిత్తాశయంలోని రాళ్ళ సీసా వంటివి అలాగే వదిలేయండి. అంత పెద్ద రాయి మనిషి కడుపులో ఉండేదని ఆ రాయే చెబుతుంది.

సమాధానం: కటకం

అస్థిపాఠం గారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఇటువంటి ప్రదర్శనలకు సాఫ్ట్‌వేర్ తయారు చేయడం నా వృత్తి కాబట్టి, సీసాల విషయంలో ఎదురయ్యే ఒక చిక్కును కొంచెం వివరంగా చెప్పదలచుకున్నాను. సంస్థలు నమూనా చూపేటప్పుడు ఇది బయటపడదు.

కొన్నేళ్ళ క్రితం ఒక ప్రదర్శన కోసం గుండ్రని సీసాలో ఉన్న అవయవం మీద దాని త్రీడీ నమూనాను సరిగ్గా కూర్చోబెట్టే పని నాకు వచ్చింది. నమూనా కొలతలు స్కాన్ నుంచి వచ్చినవే అయినా, తెర మీద చూస్తే అవయవం వెడల్పుగానూ నమూనా సన్నగానూ కనిపించేవి. కెమెరా సవరణలతో రెండు వారాలు కుస్తీ పట్టిన తరువాత గాని నాకు అసలు కారణం తట్టలేదు. ద్రవం నిండిన గుండ్రని సీసా ఒక భూతద్దం. కాంతిని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం నీటికి సుమారు 1.33 కాబట్టి, సీసా మధ్యలో ఉన్న వస్తువు అడ్డంగా దాదాపు మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది. నిలువుగా మాత్రం మారదు. ఫార్మలిన్ ద్రావణంలో ఎక్కువ భాగం నీరే గనుక అక్కడా ఇదే జరుగుతుంది. చదునైన గోడలు గల పెర్‌స్పెక్స్ (గాజులాంటి పారదర్శక ప్లాస్టిక్) పెట్టెల్లో ఈ సాగుడు ఉండదు గాని, వస్తువు అసలు లోతులో నాలుగింట మూడు వంతుల దూరంలోనే ఉన్నట్టు తోస్తుంది. సందర్శకుడు పక్కకు జరిగే కొద్దీ ఈ తేడాలు మారుతూ ఉంటాయి. కాబట్టి గుండ్రని సీసాలోని అవయవం మీదనే బొమ్మను పరచే ప్రయత్నం చేయవద్దు. సీసా పక్కన ఖాళీ స్థలంలో, అదే పరిమాణంలో, అదే దిశలో తిప్పిన జంట నమూనాను నిలపండి. రెండింటినీ పోల్చి చూడటానికి కళ్ళు ఇటూ అటూ తిరుగుతాయి, అది మీరు కోరుకుంటున్నదే కదా!

రెండవ చిక్కు గుర్తింపు. ఫోను కెమెరా తన ముందున్న దృశ్యంలో స్పష్టమైన మూలలు, గీతలు, మచ్చలు వంటి గుర్తులను పట్టుకుని, అవి కదిలే తీరును బట్టి తన స్థానాన్ని లెక్కిస్తుంది. గాజుకు సొంత గుర్తులు ఉండవు. అందులో ప్రతిబింబాలు ఉంటాయి, అవి సందర్శకుడితో పాటు కదులుతాయి. వాటిని స్థిరమైన గుర్తులుగా భ్రమపడిన సాఫ్ట్‌వేర్ బొమ్మను జారవిడుస్తుంది. అందుకే సీసాను గుర్తించమని అడగకుండా, సీసా పీఠానికి ఒక మెరుపు లేని ముద్రిత చిత్రాన్ని అతికించి, ఆ చిత్రం నుంచి సీసా ఎంత దూరంలో ఉందో ముందే కొలిచి ఇవ్వండి. చిత్రపు వెడల్పుకు పది రెట్ల దూరం వరకు గుర్తింపు సాధారణంగా నిలుస్తుందన్నది మా వృత్తిలో వాడుకలో ఉన్న లెక్క. మీటరు దూరం నుంచి చూడాలంటే చిత్రం కనీసం పది సెంటీమీటర్లు ఉండాలి. కాంతికి తట్టుకోలేని వస్తువుల దగ్గర వెలుతురును 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలమానం) పరిమితం చేస్తారు కాబట్టి అక్కడ కెమెరా ఇబ్బంది పడుతుంది. దానికోసం గది వెలుతురు పెంచకండి, ఆ ముద్రిత చిత్రానికి మాత్రమే చిన్న దీపం పెట్టించండి. మీ ఐరన్ లంగ్‌కు ఈ బాధలేవీ ఉండవు. పెద్ద ఆకారం, స్థిరమైన ఉపరితలం, బోలెడు మరలు, మీటలు ఉండే ఆ యంత్రం కెమెరాకు ఎంతో అనుకూలమైనది.

త్రీడీ నమూనా కోసం సీసా మూత తెరవవలసిన పని లేదు. గాజు గుండా ఫోటోలు తీసి నమూనా చేస్తే పైన చెప్పిన వంపులన్నీ నమూనాలోకి వస్తాయి. ఎక్స్-కిరణాలు మాత్రం గాజులోనూ ద్రవంలోనూ ఆచరణలో వంగవు కాబట్టి, సీసాతో సహా సీటీ స్కాన్ తీయవచ్చు. మెత్తని కణజాలానికీ ఫార్మలిన్‌కూ మధ్య తేడా సీటీలో అంత స్పష్టంగా రాదు గాని, కాల్షియం పేరుకున్న పాత కవాటం తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. కండరపు పొరలు కూడా కావాలంటే ఎంఆర్ఐ మేలు. అయితే అవయవాన్ని నిలబెట్టడానికి పాతకాలంలో లోహపు తీగ, పిన్నులు వాడారేమో ముందుగా ఒక ఎక్స్-రే తీసి నిర్ధారించుకోవాలి. అనుబంధ ఆసుపత్రి ఉంటే, యంత్రాలు ఖాళీగా ఉండే వేళల్లో ఈ పని జరిపించుకోవచ్చు.

పరికరం సంగతి. నా సలహా, సీసాకు ఎదురుగా నేలకు బిగించిన స్తంభం మీద అటూ ఇటూ తిరిగే ట్యాబ్లెట్. స్తంభం ఎక్కడ ఉందో, మెడ ఎంత తిరిగిందో తెలిస్తే చాలు, కెమెరా వెతుక్కోవలసిన పని దాదాపు తప్పిపోతుంది. చార్జింగ్ బాధ ఉండదు, ఎవరూ కింద పడవేయరు. సందర్శకుల సొంత ఫోన్ల మీద బ్రౌజర్ ద్వారా నడిపించాలని ఎవరైనా అంటే, ఐఫోన్‌లోని సఫారీ ఆండ్రాయిడ్‌లోని క్రోమ్ మాదిరిగా ప్రవర్తించదని గుర్తుంచుకుని రెండింటి మీదా, పాత ఫోన్ల మీద కూడా పరీక్షించమని ఒప్పందంలోనే రాయించండి.

ప్రశ్నకర్త: సీసాలగది

ఇద్దరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. సీసా ఒక భూతద్దమని చదివిన వెంటనే వెళ్ళి, గుండ్రని సీసాలోని మూత్రపిండాన్ని పక్క నుంచీ, ద్రవపు మట్టం పై నుంచీ చూశాను. ఇన్నేళ్ళుగా నేను దానిని ఉన్నదానికంటే వెడల్పుగా చూస్తున్నానన్నమాట!

రెండు సందేహాలు మిగిలాయి. తలకు పెట్టుకునే అద్దాలంటే యాజమాన్యానికి మక్కువ ఎక్కువ. వాటి గురించి కటకం గారి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది. రెండవది, మా ప్రదర్శనశాలలో ఫోటోలు తీయడం నిషేధం. సందర్శకుల చేతిలో కెమెరా పెట్టి, అవయవాల వైపు గురిపెట్టమని మేమే చెబుతూ, ఫోటో తీయవద్దని ఎలా అనగలం?

సమాధానం: కటకం

అద్దాల విషయంలో క్లుప్తంగా చెబుతాను. రెండు చేతులూ ఖాళీగా ఉండడం, రెండు కళ్ళకూ వేరువేరు బొమ్మలు అందడం వాటి బలాలు. కాని మైక్రోసాఫ్ట్ తయారుచేసిన హోలోలెన్స్ 2 వంటి ఖరీదైన అద్దాలలో కూడా బొమ్మ కనిపించే మేర కర్ణరేఖ వెంబడి 52 డిగ్రీలే. పెద్ద అస్థిపంజరం ముందు నిలబడితే బొమ్మ అంచుల దగ్గర తెగిపోతుంది. ఒకరి తర్వాత ఒకరికి శుభ్రం చేసి ఇవ్వాలి, ప్రతి ఒక్కరికీ పెట్టుకోవడం నేర్పాలి, ఒకరు చూసేది పక్కవారికి కనిపించదు. కుటుంబంగా వచ్చినవారు ఒకే సీసా ముందు ఒకరికొకరు వేలితో చూపించుకుంటూ మాట్లాడుకోవడం ప్రదర్శనశాలలో జరిగే చదువులో పెద్ద భాగమని నేను నమ్ముతాను, అద్దాలు దానికి అడ్డుపడతాయి.

ఆయుష్షు కూడా చూడాలి. 2017 జనవరిలో డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్ గూగుల్ టాంగో అనే ఆగ్మెంటెడ్ రియాలిటీ సాంకేతికత గల ఫోన్లతో ఒక మార్గదర్శక పర్యటన మొదలుపెట్టింది; అందులో ఈజిప్టు మమ్మీ లోపలి ఎముకలను ఎక్స్-రే మాదిరిగా చూడగలిగేవారు. చక్కటి ఆలోచన. అయినా 2018 మార్చిలో గూగుల్ టాంగోకు మద్దతు నిలిపివేసింది. హోలోలెన్స్ 2 ఉత్పత్తి కూడా 2024లో ఆగిపోయింది. మీ సీసాలు నూరేళ్ళు నిలిచేవి, ఈ పరికరాలు ఐదారేళ్ళు నిలిస్తే గొప్ప. కాబట్టి త్రీడీ నమూనాలను జీఎల్‌టీఎఫ్ వంటి బహిరంగ ఫార్మాట్‌లోనూ, అసలు స్కాన్ ఫైళ్ళను వైద్య స్కాన్లకు ప్రామాణికమైన డైకామ్ రూపంలోనూ మీ వద్దే ఉంచుకునే హక్కును సంస్థతో రాతపూర్వకంగా తీసుకోండి. యాప్ పోయినా నమూనా మిగులుతుంది.

సమాధానం: మౌనం

ఫోటోల ప్రశ్నకు, మొదటి టపాలోని చివరి ప్రశ్నకు కలిపి రాస్తున్నాను. మానవ అవశేషాలు గల సేకరణలతో పనిచేసిన అనుభవం నాకు ఉంది.

లండన్‌లోని హంటేరియన్ మ్యూజియం కథ మీకు తెలిసే ఉంటుంది. చార్ల్స్ బర్న్ అనే ఐర్లాండ్ వ్యక్తి అసాధారణమైన ఎత్తు వల్ల ప్రదర్శనల్లో పేరుపొందాడు. తన శరీరం శవాలను కోసి పరిశీలించేవారి చేతిలో పడుతుందేమోనని భయపడి, తనను సముద్రంలో సమాధి చేయమని కోరాడు. 1783లో అతడు మరణించాక శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఆ దేహాన్ని సంపాదించి, అస్థిపంజరాన్ని తన సేకరణలో చేర్చుకున్నాడు. రెండు శతాబ్దాలకు పైగా అది ప్రదర్శనలో ఉంది. 2023లో ఆ మ్యూజియం పునఃప్రారంభమైనప్పుడు ఆ అస్థిపంజరాన్ని ప్రదర్శన నుంచి తొలగించారు. పరిశోధన కోసం మాత్రం భద్రపరిచారు. అక్కడ తొలగించవలసింది ఒక్క అస్థిపంజరమే. ఇప్పుడు దాని త్రీడీ స్కాన్ ఒకటి వేల ఫోన్లలోకి చేరి ఉందనుకోండి. ఎవరు, ఎక్కడి నుంచి తొలగించగలరు? సీసాను అల్మారాలోకి మార్చినంత సులభంగా ఆ ప్రతిని వెనక్కు తీసుకోలేము. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేది ఇదే.

అంతర్జాతీయ ప్రదర్శనశాలల మండలి నీతి నియమావళి, మానవ అవశేషాలను మానవ గౌరవానికి భంగం కలగకుండా, సున్నితత్వంతో ప్రదర్శించాలని చెబుతుంది; సంబంధిత సమూహాలు తొలగించమని కోరితే వెంటనే, గౌరవంతో స్పందించాలనీ చెబుతుంది. ఇది డిజిటల్ రూపానికీ వర్తిస్తుందనే భావనతోనే పని మొదలుపెట్టండి. స్కాన్ ఫైలు సందర్శకుడి ఫోనులోకి దిగకూడదు. మీ ట్యాబ్లెట్‌లోనే ఉండాలి. కటకం గారు చెప్పిన స్తంభపు ట్యాబ్లెట్ ఫోటోల సమస్యను కూడా తీరుస్తుంది. తెర మీది దృశ్యాన్ని ఫోటోగా భద్రపరిచే సదుపాయం (స్క్రీన్‌షాట్) లేకుండా దానిని అమర్చవచ్చు, సందర్శకుడి జేబులోని ఫోను జేబులోనే ఉంటుంది. తెర మీద చూపేది కూడా ఆ వ్యక్తి అవయవపు స్కాన్ కాకుండా, దాని ఆధారంగా చిత్రకారులు గీసిన సాధారణ నమూనా అయితే మరింత మంచిది. పోలిక చెప్పడానికి స్కాన్ అవసరం, చూపించడానికి ఎల్లప్పుడూ అవసరం కాదు.

మరికొన్ని హద్దులు నేను వ్యక్తిగతంగా పాటిస్తాను. పుర్రె చేత మాట్లాడించడం, అస్థిపంజరం చేత నడిపించడం, శరీర భాగాలను వెతికి పాయింట్లు సంపాదించే ఆటలు పెట్టడం చేయను. గర్భస్థ శిశువుల సీసాల మీద ఎటువంటి కదిలే బొమ్మా వేయను. వాటి ముందు నిలబడేవారిలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉండవచ్చు; తెర అకస్మాత్తుగా ఆ శిశువుకు ప్రాణం పోసినట్టు చూపితే ఆమె గతి ఏమిటో ఒక్కసారి ఊహించండి. ఆ సీసాల గురించి చెప్పవలసింది ఉంటే అక్షరాలలో చెబుదాం.

సమాధానం: కొలబద్ద

నేర్చుకుంటారా అన్న ప్రశ్నకు ఎవరూ నేరుగా జవాబివ్వలేదు కాబట్టి రాస్తున్నాను. 2017లో "అనాటమికల్ సైన్సెస్ ఎడ్యుకేషన్" పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 59 మంది పుర్రె నిర్మాణాన్ని వర్చువల్ రియాలిటీ (చుట్టూ ఉన్నది కనిపించకుండా పూర్తిగా కృత్రిమ దృశ్యాన్నే చూపే పద్ధతి), ఆగ్మెంటెడ్ రియాలిటీ, మామూలు ట్యాబ్లెట్ అప్లికేషన్ అనే మూడు పద్ధతుల్లో వేరువేరుగా నేర్చుకున్నారు. పరీక్ష మార్కుల్లో చెప్పుకోదగిన తేడా రాలేదు. తలనొప్పి, తల తిరగడం, చూపు మసకబారడం మాత్రం వర్చువల్ రియాలిటీ వాడినవారిలో ఎక్కువగా కనిపించాయి. 2020లో అదే పత్రికలో వచ్చిన మరో పరిశోధన, చేతితో పట్టుకోగల భౌతిక నమూనాతో నేర్చుకున్నవారే మెరుగ్గా రాణించారనీ, రెండు కళ్ళతో లోతును గ్రహించగలగడం అందుకు ఒక ముఖ్య కారణమనీ తేల్చింది. చదునైన ట్యాబ్లెట్ తెర ఆ లోతును ఇవ్వదు. మీ సీసా ఇస్తుంది. సీసాలగది గారి అనుమానానికి ఇంతకంటే బలమైన ఆధారం నాకు తెలియదు.

మీ ప్రదర్శనను కొలవాలంటే "బాగుందా?" అని అడగకండి. కొత్త వస్తువు ఎప్పుడూ బాగుంటుంది. లోపలికి వచ్చేటప్పుడు సందర్శకుడికి ఖాళీ కాగితం ఇచ్చి, గుండెలో రక్తం ఒక గది నుంచి మరొక గదికి ఎలా వెళుతుందో గీయమనండి, వెళ్ళేటప్పుడు మళ్ళీ గీయమనండి. వైద్య విద్యార్థులైతే నెల తరువాత మరోసారి గీయించండి. ఒక వారం తెర ఉన్నప్పుడు, ఒక వారం తెర కప్పి, అదే విషయాన్ని మంచి బొమ్మతో, తేలిక మాటల్లో రాసిన పెద్ద చీటీ పెట్టినప్పుడు గీసినవాటిని పోల్చండి. చీటీ మార్చినంత మాత్రాన సగం ప్రయోజనం దక్కిందని తేలినా నేను ఆశ్చర్యపోను, అలా తేలితే మొదట చీటీలన్నీ మార్చండి. దానితో పాటు సందర్శకుడి చూపు తెర మీద ఎంతసేపు, సీసా మీద ఎంతసేపు నిలిచిందో ఒకరు దూరంగా కూర్చుని గడియారంతో లెక్కించాలి. తెర ఎత్తు చక్రాల కుర్చీలో ఉన్నవారికీ చిన్నపిల్లలకూ అందుతుందో లేదో, ఎరుపు–ఆకుపచ్చ తేడా గుర్తించలేనివారికి ధమనులు, సిరలు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో కూడా ఆ వారాల్లోనే తెలుసుకోండి. బాణపు గుర్తులు, గీతల తేడాలు జోడిస్తే రంగు మీద ఆధారపడవలసిన అవసరం ఉండదు.

ప్రశ్నకర్త: సీసాలగది

ఈ సమాధానాలను ముద్రించి యాజమాన్యం ముందు పెట్టాను. చర్చ చాలాసేపు సాగింది. అద్దాల ఆలోచనను విరమించుకున్నారు. మొదటి దశలో ఐరన్ లంగ్, మైట్రల్ కవాటం, దాని ముందు చెక్క స్టెతస్కోపు నకలు అనే మూడింటికే పరిమితం కావాలని అంగీకరించారు. గర్భస్థ శిశువుల సీసాలను ఈ పనిలోకి తీసుకురాబోమని రాతపూర్వకంగా నమోదు చేశాము.

కొలబద్ద గారి మాట ప్రకారం తెర రాకముందే గుండె సీసా దగ్గర కొత్త చీటీ పెట్టాము. "ఇది గుండెలోని ఒక తలుపు. ఇది రెండు వేళ్ళు పట్టేంత తెరుచుకోవాలి. ఈ మనిషిలో పెన్సిలు పట్టేంతే తెరుచుకుంది. సీసా ఎడమ వైపు నుంచి చూడండి." నిన్న ఒక పాఠశాల విద్యార్థిని ఆ చీటీ చదివి, సీసా ఎడమ వైపుకు వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చూసింది. తరువాత తన స్నేహితురాలిని పిలిచి వేలితో చూపించింది. స్తంభాన్ని ఎక్కడ నాటాలో నాకు అప్పుడు అర్థమైంది: సీసా కుడి వైపున, కొంచెం వెనుకగా, ఆ పిల్ల కూర్చున్న చోటు ఖాళీగా ఉండేటట్టు. కటకం గారూ, ఆ స్థానం నుంచి పీఠం మీది ముద్రిత చిత్రానికి మీటరు ఇరవై సెంటీమీటర్ల దూరం వస్తోంది. పన్నెండు సెంటీమీటర్ల చిత్రం సరిపోతుందా, లేక ఇంకొంచెం పెద్దది చేయించమంటారా?

సమాధానం: కటకం

పన్నెండు అయితే సరిగ్గా అంచున ఉంటుంది. పదిహేను చేయించండి, మెరుపు లేని కాగితం మీదే. ముద్రణకు ఇచ్చే ముందు ఆ స్థానంలో నిలబడి, దీపాలన్నీ వెలిగించి, సీసా గాజులో మీ ప్రతిబింబం ఎక్కడ పడుతోందో ఒక గీత గీసి పంపండి, చిత్రాన్ని దానికి పక్కగా జరుపుదాం.